తడి మూలలో వావిలి: జీవజాలానికి అనుకూలమైన పెరటి తోటలో స్థానిక పొద పెంపకం

చెరువు అలుగు పక్కన, వాగు గట్టున, పంటకాలువ చివర తడి ఆరని చోట నీలిపూల కంకులతో కనిపించే వావిలి పొద తెలుగు రైతులకు కొత్తది కాదు. బాలింతల స్నానానికి, ఒళ్లునొప్పుల కాపడానికి, ధాన్యపు గాదెలో పొరలుగా పరచడానికి, సాయంవేళ దోమలకు పొగ వేయడానికి దాని ఆకును వాడుకున్న తరాలు ఇంకా మన గ్రామాలలో ఉన్నాయి. అయితే కాలువలకు సిమెంటు పూత వేసినచోట, గట్లను యంత్రాలతో చదును చేసినచోట ఈ పొద నిలబడే స్థలం తగ్గిపోతున్నది. మరోవైపు పట్టణాలలోను, విద్యాసంస్థల ఆవరణలలోను ‘సీతాకోకచిలుకల తోట’, ‘జీవవైవిధ్య వనం’ అనే పేర్లతో నాటుతున్న మొక్కలలో అధికభాగం విదేశీ అలంకరణ జాతులే.

ఈ రెండు విషయాలను కలిపి ఆలోచిస్తే ఒక మార్గం కనిపిస్తుంది. ప్రతి ఇంటిలోను, పాఠశాలలోను స్నానపు నీరో, కప్పు మీది వాననీరో చేరే ఒక తడి మూల ఉంటుంది. వాగు గట్టున తన చోటు కోల్పోతున్న పొదకు ఆ మూలలో స్థానం కల్పించవచ్చు. కాని మొక్కను నాటినంతమాత్రాన తోట జీవజాలానికి ఆశ్రయం కాదు. నీరు ఎలా అందుతున్నది, కత్తెర ఎప్పుడు పడుతున్నది, మందు ఎక్కడ చల్లుతున్నారు అనే మూడు నిర్ణయాలే దాని విలువను నిర్ణయిస్తాయి. ఈ వ్యాసం ఆ మూడింటిని ప్రధానంగా వివరిస్తుంది.

మొక్క పరిచయం

వావిలి శాస్త్రీయనామం వైటెక్స్ నెగుండో. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. నిర్గుండి అనే భారతీయ నామమే ‘నెగుండో’గా మారింది. ఆకుల పోలికను బట్టి ఉత్తర అమెరికాకు చెందిన ఒక మేపుల్ వృక్షానికి కూడా లిన్నేయస్ అదే పదాన్ని జాతినామంగా వాడాడు. పూర్వం వెర్బెనేసి కుటుంబంలో ఉన్న ఈ మొక్కను ఇప్పుడు తులసి కుటుంబమైన లామియేసిలో చేర్చారు.

ఇది సాధారణంగా 2 నుంచి 5 మీటర్ల ఎత్తు పెరిగే పొద లేదా చిన్న చెట్టు. లేత కొమ్మలు నలుపలకలుగా ఉంటాయి. హస్తాకార సంయుక్తపత్రంలో మూడు లేక ఐదు పత్రకాలుంటాయి. నడిమి పత్రకం పెద్దది, దానికి స్పష్టమైన కాడ ఉంటుంది. ఆకు పైభాగం పచ్చగా, అడుగుభాగం సన్నని నూగుతో బూడిద తెలుపుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ఈ వాసన కారణంగానే పశువులు, మేకలు దీనిని సాధారణంగా ముట్టవు. లేత ఊదా లేదా నీలిరంగు చిన్నపూలు కొమ్మల చివర కంకులుగా పూస్తాయి. పండిన కాయ నల్లగా, మిరియపుగింజకన్న చిన్నదిగా ఉంటుంది.

పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ‘నల్లవావిలి’ అని వ్యవహరించేది జస్టీషియా జెండరుస్సా అనే వేరొక కుటుంబపు మొక్క. ‘నీరువావిలి’గా పిలిచే వైటెక్స్ ట్రైఫోలియా దీనికి దగ్గరి బంధువు. దానిలో సాధారణంగా మూడు పత్రకాలే ఉంటాయి, నడిమి పత్రకానికి కాడ ఉండదు లేదా చాలా పొట్టిగా ఉంటుంది. ఆకు అడుగున ఊదారంగు ఉన్న దాని అలంకరణ రకాన్ని నర్సరీలలో వావిలి పేరుతోనే అమ్మడం కద్దు. కాబట్టి నర్సరీ చీటీని నమ్మడంకన్న నడిమి పత్రకపు కాడను, ఆకు అడుగు రంగును చూసి మొక్కను నిర్ధారించుకోవాలి. అంతకన్న మంచి పద్ధతి సమీపంలోని వాగు గట్టున సహజంగా పెరిగిన పొద నుంచి కొమ్మలు తెచ్చుకోవడం.

‘పూలకు పురుగులు వస్తున్నాయి’ అనే కొలమానం చాలదు

లాంటానా పూలపై కూడా సీతాకోకచిలుకలు గుంపులుగా వాలుతాయి. దాని పండ్లను పక్షులు ఇష్టంగా తింటాయి. అయినా 19వ శతాబ్దం ఆరంభంలో అలంకరణ మొక్కగా మన దేశానికి వచ్చిన లాంటానా, ఆ పక్షుల ద్వారానే అడవులలోకి వ్యాపించి స్థానిక గడ్డిని, పొదలను అణచివేసింది. మకరందం ఇవ్వడం ఒక సుగుణమే గాని, అది ఒక్కటే మొక్క ఎంపికకు ప్రమాణం కారాదు. తోట కంచె దాటిన తరువాత ఆ మొక్క ఏమి చేస్తుందన్నది కూడా ప్రమాణమే. వావిలి ఈ నేల వృక్షసంపదలో భాగం గనుక గట్టు దాటి మొలచినా పొరుగు నేలకు పరాయిది కాదు.

వావిలి ఇచ్చేవి ప్రధానంగా మూడు. మొదటిది మకరందం. పూతకాలంలో భారతీయ తేనెటీగ, చిన్న తేనెటీగ, కొండ తేనెటీగ, వడ్రంగి తేనెటీగలు, అమెగిల్లా ప్రజాతికి చెందిన ఒంటరి తేనెటీగలు, పలురకాల సీతాకోకచిలుకలు దీనిపై వాలుతాయి. తడి అందుతున్నంతకాలం కొత్తకొమ్మలు వస్తూ, ఆ కొమ్మల చివర పూత కొనసాగుతుంది. రెండవది దట్టమైన నీడ. పిగిలిపిట్ట, దర్జీపిట్ట వంటి చిన్నపక్షులకు పొదలే ప్రధానాశ్రయం. తొండలు, కప్పలు మధ్యాహ్నపు ఎండలో పొద మొదట్లోని చల్లదనాన్ని ఆశ్రయిస్తాయి. మూడవది రాలిన ఆకు. తడినేలపై కుళ్లే ఆకుపొర వానపాములకు, రోకలిబండలకు, వాటిని తినే జీవులకు ఆధారం.

అయితే వావిలి ఒక్కటే అన్ని జీవులకూ అన్నీ ఇవ్వలేదు. సీతాకోకచిలుకకు మకరందంతోపాటు గొంగళిపురుగు దశలో తినే ఆకు కావాలి. కరివేపాకుపై కామన్ మోర్మన్, జిల్లేడుపై ప్లెయిన్ టైగర్, ఆముదంపై కామన్ కాస్టర్ పెరుగుతాయి. ఈ మొక్కలు ఆవరణలో లేకపోతే వచ్చిన సీతాకోకచిలుకలు తాగిపోయే అతిథులే గాని అక్కడ సంతతిని నిలుపుకోలేవు. వావిలిని మూలస్తంభంగా భావించి, దాని చుట్టూ మిగిలినవి అమర్చుకోవాలి.

నీరు: తడి కావాలి, మురుగు వద్దు

వాగు గట్టున పెరిగే మొక్క అనగానే నీటిలో నిలబడుతుందని భావించడం పొరపాటు. వాగు గట్టున తేమ ఉంటుంది, అదే సమయంలో ఇసుకపాలు ఉన్న నేలలో గాలి కూడా ఆడుతుంది. వావిలి కోరేది ఆ రెండింటి కలయికను. కొద్దిరోజుల వరదను తట్టుకుంటుంది గాని, గాలి ఆడని మురుగులో నెలల తరబడి ఉంచితే లేతమొక్కలు వేరుకుళ్లుతో చనిపోయే ప్రమాదముంది.

స్థలం ఎంపికకు ఒక సులభమైన పరీక్ష ఉంది. 45 సెం.మీ. లోతు గుంత తవ్వి, నీటితో నింపి, ఇంకనిచ్చి, మళ్లీ నింపాలి. రెండవసారి పోసిన నీరు 24 గంటలలో ఇంకితే ఆ చోటు తగినది. ఎర్ర చల్కా నేలల్లో నీరు చాలా త్వరగా ఇంకుతుంది కాబట్టి గుంతలో చివికిన ఎరువు ఎక్కువ కలిపి, పైన ఆకుమల్చింగు వేయాలి. నల్లరేగడిలో 24 గంటల తరువాత కూడా నీరు నిలిస్తే, ఆ గుంత పక్కనే 30 సెం.మీ. ఎత్తు మట్టిదిబ్బ చేసి దానిపై నాటాలి. వేళ్లు క్రమంగా తడిలోకి దిగుతాయి.

వాననీటిని మళ్లించడం అత్యుత్తమ పద్ధతి. 100 చదరపు మీటర్ల ఇంటికప్పుపై 10 మి.మీ. వాన కురిస్తే లెక్క ప్రకారం 1,000 లీటర్లు. ఆవిరిని, చిందును తీసివేసినా సుమారు 800 లీటర్లు చేతికి వస్తాయి. ఈ నీరు చేరేచోట 20 నుంచి 30 సెం.మీ. లోతు వెడల్పాటి పల్లాన్ని ఏర్పాటు చేసి, దాని అంచున వావిలిని నాటాలి. పల్లంలో నీరు రెండు రోజులకు మించి నిలవకూడదు. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. రెండు రోజులలో ఆరిపోయే పల్లం దోమలకు పనికిరాదు. ‘తడి మూల అంటే దోమల మూల’ అనే భయానికి విస్తరణ సిబ్బంది చెప్పవలసిన సమాధానమిదే.

శాశ్వతంగా నీరుండే చిన్నకుంట ఏర్పాటు చేసేవారు దోమలకోసం గంబూసియా చేపను వదలడం పరిపాటి. అది విదేశీ జాతి. కప్పల తోకపిల్లలను, స్థానిక చిరుచేపల పిల్లలను కూడా తింటుంది. జీవజాలం కోసం చేసిన కుంటలో దానికి బదులు ఆప్లోకైలస్ ప్రజాతికి చెందిన స్థానిక చిరుచేపలను వాడాలి. అవి కూడా దోమపిల్లలను తింటాయి.

స్నానపు నీటిని వాడేటప్పుడు ఇసుక, కంకర నింపిన చిన్న గుంత ద్వారా పంపి మొక్కకు అందించాలి. బట్టలసోడా, బ్లీచింగ్ కలిసిన నీటిలోని సోడియం, క్లోరిన్ నేల నిర్మాణాన్ని, సూక్ష్మజీవులను దెబ్బతీస్తాయి కాబట్టి ఆ నీటిని వేరుగా మళ్లించాలి. వేసవిలో స్నానపు నీటితోపాటు అప్పుడప్పుడు మంచినీరు కూడా పెడితే లవణాలు పేరుకోవు. 550 మి.మీ. చేరువలో మాత్రమే వర్షపాతం ఉన్న అనంతపురం వంటి ప్రాంతాలలో, నీరు చేరే పల్లం లేదా వాడుకనీరు ఉన్నచోట తప్ప వావిలిని సిఫారసు చేయరాదు. కొత్తగా బోరునీటిని తోడి పెంచే ‘జీవవైవిధ్యం’ అర్థంలేనిది.

ప్రవర్ధనం, నాటడం

విత్తనంతోను, వేరుపిలకలతోను పెంచవచ్చు గాని కొమ్మముక్కలతో పెంచడం సులభం. ముదిరిన కొమ్మల నుంచి పెన్సిలు మందం మొదలు బొటనవేలి మందం వరకు ఉన్న భాగాలను 20 నుంచి 25 సెం.మీ. పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేటట్లు కోయాలి. కింది కోతను కణుపుకు కొద్ది దిగువన ఏటవాలుగా, పై కోతను సమంగా కోస్తే నాటేటప్పుడు తలకిందులు కాకుండా ఉంటుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో నింపిన సంచులలో మూడింట రెండువంతులు లోనికి దిగేటట్లు గుచ్చి, పలుచని నీడలో తడి ఆరకుండా ఉంచాలి. చిగురు కనిపించగానే వేరు వచ్చిందని తొందరపడరాదు. కొమ్మలోని నిల్వ ఆహారంతో కూడా చిగురు రావచ్చు. మెల్లగా లాగితే కదలకుండా పట్టు దొరికినప్పుడే వేరు ఏర్పడినట్లు.

ఒకే పొద నుంచి కాక నాలుగైదు వేర్వేరు పొదల నుంచి కొమ్మలు సేకరించాలి. ఒకే తల్లిమొక్క నుంచి తెచ్చిన కొమ్మలన్నీ జన్యుపరంగా ఒకటే. ఒక తెగులు వస్తే అన్నీ ఒకేవిధంగా లొంగుతాయి.

తొలకరి వానలు స్థిరపడిన తరువాత 45 సెం.మీ. ఘనపు గుంతలలో నాటాలి. జీవకంచెగా అయితే ఒక మీటరు దూరం, పొదగా విస్తరించనివ్వాలంటే 2 మీటర్ల దూరం అవసరం. రోజులో కనీసం సగం వేళ ఎండ తగలాలి. నీడలో మొక్క బ్రతుకుతుంది గాని పూత తగ్గుతుంది. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు మొక్కకు 10 నుంచి 15 లీటర్ల నీరివ్వాలి. రెండవ ఏటి నుంచి పల్లంలోని తడి చాలావరకు సరిపోతుంది. రసాయనిక ఎరువులు అవసరం లేదు. అధిక నత్రజని ఆకును పెంచి పూతను వెనక్కి నెడుతుంది.

కత్తిరింపు: కాలమే ముఖ్యం

వావిలి కొత్తకొమ్మల చివర పూస్తుంది. మొదలువరకు కోసినా తిరిగి చిగుర్చే శక్తి దీనికుంది. కాబట్టి కత్తిరింపు పూతకు మేలే. కాని ఏ నెలలో, ఎంతభాగం కోస్తున్నామన్నదే అసలు ప్రశ్న. మన ప్రాంతంలో చిన్నపక్షులు ఎక్కువగా వేసవి నుంచి వానాకాలం వరకు గూళ్లు పెడతాయి. ఆ కాలంలో పొదను గుండ్రంగా, చతురస్రంగా కత్తిరించే ‘ఉద్యానవన అలవాటు’ గూళ్లను, పూతను ఒకేసారి నాశనం చేస్తుంది.

కత్తిరింపును జనవరి, ఫిబ్రవరి నెలలకు పరిమితం చేయాలి. ఏటా పొదలోని ముదురుకొమ్మలలో మూడోవంతు మాత్రమే కోయాలి. మూడేళ్లలో పొద అంతా కొత్తదవుతుంది, ఏ ఏడూ ఆశ్రయం పూర్తిగా పోదు. కోసిన సన్నకొమ్మలను తగులబెట్టకుండా కట్టగా కట్టి పొడిచోట ఉంచాలి. సెరటినా ప్రజాతికి చెందిన చిన్న తేనెటీగలు ఎండుకొమ్మల మెత్తని దవ్వను తొలచి గూళ్లు కడతాయి. అమెగిల్లా వంటివి నేలలో గూడు కడతాయి గనుక తోటలో ఒకచోట కొద్దిపాటి పొడినేలను మల్చింగు, సిమెంటు లేకుండా వదలాలి.

వినాయకచవితి పత్రిలో సింధువారపత్రం వావిలాకే. పండుగ ముందురోజు చెరువుగట్ల మీది పొదలను కొమ్మలతో సహా విరిచి పట్టణాలకు తరలించడం మనం చూస్తున్నదే. పెరటిలో ఒక పొద ఉన్న కుటుంబం నాలుగు ఆకులు కోసుకుంటే సరిపోతుంది. సంప్రదాయం, సంరక్షణ ఒకదానికొకటి అడ్డు కావని చెప్పడానికి ఇంతకన్న మంచి సందర్భం విస్తరణ కార్యకర్తకు దొరకదు.

సస్యరక్షణ: చేయకూడనివే ఎక్కువ

ఆకులపై చిన్నచిన్న బొడిపెలు కనిపించడం సాధారణం. ఎరియోఫిడ్ నల్లులు వాటికి కారణం. మొక్క పెరుగుదలకు చెప్పుకోదగిన నష్టం ఉండదు. మరీ ఎక్కువైన కొమ్మలను తుంచివేస్తే చాలు. పిండినల్లి కనిపిస్తే నీటిని వేగంగా చిమ్మి కడగాలి. పూత ఉన్న పొదపై ఏ పురుగుమందూ చల్లరాదు. పక్కనే ఉన్న కూరగాయమళ్లకు మందు తప్పనిసరి అయితే తేనెటీగలు గూటికి చేరిన తరువాత, గాలి లేని సాయంవేళ చల్లాలి.

దశపర్ణి కషాయంలో వావిలాకు ఒక ముఖ్య దినుసు. ఆ అవసరానికి జనవరి కత్తిరింపులోని ఆకును వాడుకోవచ్చు. అయితే మొక్కల నుంచి తీసినది గనుక అది మిత్రపురుగులకు హాని చేయదని భావించరాదు. కషాయాన్ని కూడా పూతపై చల్లకూడదు.

గట్టుపై పొద: మన బోధనలో సవరణ

‘గట్లు శుభ్రంగా ఉంచాలి, కలుపు చీడలకు ఆశ్రయం’ అనే వాక్యాన్ని మనం తరగతిలోను, రైతుశిక్షణలోను దశాబ్దాలుగా చెబుతున్నాం. ఈ వ్యాసకర్త కూడా వివరణ లేకుండా ఆ వాక్యంతోనే సరిపెట్టినవారిలో ఒకడు. ఆ వాక్యం అబద్ధం కాదు. వరిగట్లపై గడ్డిజాతి కలుపు పచ్చదోమ వంటి చీడలకు, కొన్ని తెగుళ్లకు ఆశ్రయమిస్తుంది. కాని మనం ‘గడ్డిజాతి కలుపు’ అని చెప్పనందున రైతు గట్టుమీది ప్రతి పచ్చని మొక్కనూ కలుపుగానే భావించాడు. గడ్డితోపాటు వావిలి, తంగేడు కూడా పోయాయి.

అల్లికరెక్కల పురుగు, సిర్ఫిడ్ ఈగల పిల్లదశ పేనుబంకను తింటే, వాటి పెద్దదశకు మకరందం, పుప్పొడి కావాలి. బదనికలు కూడా మకరందం దొరికినప్పుడు ఎక్కువకాలం జీవిస్తాయి. అయితే వావిలి పూవు గొట్టం వలె ఉంటుంది. ట్రైకోగ్రామా వంటి అతిచిన్న బదనికలకు తెరచిన పూలు అనుకూలం. అందువల్ల పొదతోపాటు కొన్ని కొత్తిమీర, సోపు మొక్కలను పూతకు వదలాలి. పొద తేనెటీగలకు, గొడుగుపూలు బదనికలకు అనే ఈ జంట ఏర్పాటును పెరటి కూరగాయల తోటలో సులభంగా పరీక్షించవచ్చు. విద్యార్థులు వారానికి ఒకసారి ఉదయం 15 నిమిషాలపాటు పూలపై వాలిన జీవులను రకాలవారీగా లెక్కించి, పొద ఉన్న, లేని తోటలను పోల్చితే అది మంచి ప్రాజెక్టు అవుతుంది.

కొన్ని పరిమితులు మరువరాదు. మట్టి చెరువుకట్టపై చెక్కగట్టే మొక్కలను నాటరాదు. వేళ్ల దారిలో నీరు ఊరి కట్ట బలహీనపడవచ్చు. వావిలికి తగినది కట్టకాదు, కాలువ అంచు, శిఖం పైగట్టు, తోట పల్లం. పంటవరుసకు కనీసం 2 మీటర్ల దూరం ఉంచి, వేరుపిలకలను ఏటా తొలగించాలి. ఔషధగుణాల పేరుతో లోపలికి తీసుకోమని సలహా ఇవ్వడం వ్యవసాయ విస్తరణ పరిధిలోనిది కాదు.

ముగింపు

కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ కళాశాలలు, గ్రామ నర్సరీలు, తెలంగాణలో 2020 నుంచి ఏర్పడిన పల్లె ప్రకృతి వనాలు ఈ పనికి సిద్ధంగా ఉన్న వేదికలు. వాటి నర్సరీ జాబితాలలో వావిలి వంటి స్థానిక పొదలను చేర్చడానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. సమీప వాగు గట్టున ఉన్న పొదల నుంచి కొమ్మలు, కొన్ని సంచుల మట్టి చాలు. కాని ఆ వాగు గట్టున పొద మిగిలి ఉన్నంతవరకే ఈ మాట నిజం. ఈ తొలకరికి ముందే ప్రతి విస్తరణ శాస్త్రవేత్త తన పరిధిలో వావిలి సహజంగా మిగిలిన స్థలాలను గుర్తించి, గట్ల చదును పనులు మొదలుకాకముందే అక్కడి నుంచి కొమ్మలు సేకరించి నర్సరీకి చేర్చడం తొలిమెట్టు. గట్టు శుభ్రతపై రైతుకు చెప్పే వాక్యంలో ‘గడ్డిజాతి’ అనే ఒక్క పదాన్ని చేర్చడం రెండవది.